తులంబెన్ లిబర్టీ: ఓడ సులువే, ఒడ్డు రాళ్లే పరీక్ష

బాలి ఈశాన్య తీరంలోని తులంబెన్‌లో పడవ ఎక్కకుండానే పెద్ద ఓడ శిథిలం చూడొచ్చు. ఒడ్డు నుంచి ముప్పై నలభై మీటర్లు ఈదితే చాలు, కింద యూఎస్‌ఏటీ (అమెరికా సైన్యపు రవాణా ఓడ) లిబర్టీ. దాదాపు 120 మీటర్ల సరుకు ఓడ. 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి టార్పెడో తగిలాక, సింగరాజ రేవుకు లాక్కెళ్లే దారిలో నీళ్లు నిండిపోతుంటే ఇక్కడి ఒడ్డుకెక్కించారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు సముద్రంలోకి జారింది. ఇప్పుడు తీరం వెంబడే పక్కకు ఒరిగి ఉంది. పైఅంచు 5 మీటర్ల లోతులో, అడుగు 30 మీటర్ల దగ్గర.

అసలు కష్టం నీళ్లలో కాదు, దిగేచోట. ఇసుక ఉండదు, గుండ్రటి నల్లరాళ్లు. అల వెనక్కి లాగినప్పుడల్లా కాళ్ల కింద దొర్లుతాయి. గట్టి అడుగున్న బూట్లు, వెనక పట్టీ ఉండే ఫిన్స్ (ఈతకు కాళ్లకు తొడిగే రెక్కలు) తప్పనిసరి. మాస్క్ పెట్టుకుని, రెగ్యులేటర్ (ట్యాంకు గాలి పీల్చే పరికరం) నోట్లో ఉంచుకుని, బీసీడీలో (తేలడానికి గాలి నింపే జాకెట్) కొంచెం గాలి నింపి, ఫిన్స్ చేత పట్టుకుని జతగా నడవాలి. పెద్ద అలలు వరసగా వచ్చి వెళ్లేదాకా ఆగి, నడుం లోతు రాగానే తేలుతూ ఫిన్స్ తొడుక్కోవాలి. ఒడ్డు మీదే తొడుక్కున్నవాళ్లు దాదాపు ఖాయంగా పడతారు. పడితే సెకండ్ స్టేజ్‌లో (రెగ్యులేటర్‌లో నోట్లో పెట్టుకునే భాగం), బీసీడీకి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్‌లో నల్లరేణువులు దూరతాయి. తర్వాత రెగ్యులేటర్ ఆగకుండా గాలి వదిలినా, బటన్ ఇరుక్కుని బీసీడీ దానంతటదే ఉబ్బినా కారణం చాలాసార్లు అదే. దిగేముందు నీళ్లలో రెండూ జాడించి, నొక్కి చూడండి.

ట్యాంకులు మోసేది ఊరి ఆడవాళ్లు. ట్యాంకు నెత్తిన పెట్టుకుని అవే రాళ్ల మీద, కాళ్లకు మామూలు చెప్పులతో, తడబడకుండా నడుస్తారు. వాళ్ల కూలి మీ బిల్లులో ఉందో లేదో షాపులో ముందే అడగండి, లేకపోతే విడిగా ఇవ్వండి.

డైవ్‌లో ముందు లోతుకు వెళ్లాలి, తర్వాత పైకి రావాలి. మామూలు గాలితో 30 మీటర్ల దగ్గర నో-డెకో సమయం (పైకొచ్చేటప్పుడు తప్పనిసరిగా ఆగాల్సిన పనిలేకుండా ఉండగలిగే సమయం) 20 నిమిషాలే, 32 శాతం నైట్రాక్స్‌తో (32 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి) సుమారు 30. ట్యాంకులో గాలి పీడనం 100 బార్‌కు తగ్గేసరికల్లా పైకి మళ్లి, ఓడ పక్కనే మెల్లగా ఎక్కుతూ రండి. సేఫ్టీ స్టాప్ (పైకి తేలేముందు కాసేపు ఆగడం) కూడా పగడాలు పట్టిన ఓడ పైఅంచు దగ్గరే అయిపోతుంది. అక్కడ తేలిపోయేవాళ్లు ఎక్కువ. అల్యూమినియం ట్యాంకు ఖాళీ అవుతున్నకొద్దీ సుమారు 2 కిలోలు తేలికవుతుంది కాబట్టి, కట్టుకునే సీసం బరువులు 50 బార్ మిగిలిన ట్యాంకుతో సరిచూసుకోవాలి. రేకులు విరిగి, తుప్పుపట్టి ఉన్నాయి. లోపల దూరాల్సిన పనిలేదు, తెరుచుకున్న చోట్ల నుంచే చాలా కనిపిస్తుంది.

వేళ మాత్రం ముఖ్యం. పొద్దున ఆరింటికి దిగండి. రాత్రంతా ఓడలో నిద్రపోయిన బంప్‌హెడ్ పారట్‌ఫిష్ మంద తెల్లవారాక బయటికి వెళ్లిపోతుంది. వాటి మీద టార్చ్ వేయకండి, వెంటపడకండి. దక్షిణ బాలి నుంచి వచ్చే డే ట్రిప్ బృందాలు దిగాక ఓడ చుట్టూ బుడగలే. అందుకే ఇక్కడ ఒక రాత్రి బస చేయాలన్నది మా గట్టి సలహా.

రెండో డైవ్‌కి ఇక్కడి పగడాల దిబ్బ కోరల్ గార్డెన్. లోతు తక్కువ, కాబట్టి గాలి చాలాసేపు వస్తుంది. పగడం మీద మోకాలు ఆనించి ఫొటోలు తీసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. తేలడం మీద పట్టు లేకపోతే కెమెరా ఒడ్డునే పెట్టండి. ఇంకాస్త అవతల డ్రాప్ ఆఫ్ అనే నీటి అడుగు నిలువు గోడ. 30 మీటర్ల దగ్గరి పెద్ద సీ ఫ్యాన్ (విసనకర్ర లాంటి పగడం) అందంగా ఉంటుంది కానీ గోడ అక్కడితో ఆగదు, లోతు మీటరు చూసుకోకపోతే తెలియకుండానే ఇంకా దిగిపోతారు.

బయటికి వచ్చేటప్పుడూ అలల మధ్య నిలబడొద్దు. నిలవలేకపోతే రెగ్యులేటర్ నోట్లోనే ఉంచుకుని చేతులు, మోకాళ్ల మీద పాకుతూ రావడమే మేలు. ఆ రోజు తిరుగు ప్రయాణం కింతమని మీదుగా పెట్టుకోకండి, ఆ కొండదారి 1500 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది, డైవ్ అయిన వెంటనే అంత ఎత్తుకు వెళ్లడం ప్రమాదం. తీరం రోడ్డే పట్టండి. ఒకటికి మించి డైవ్‌లు చేస్తే విమానానికి కనీసం 18 గంటలు ఆగాలి.