కిలావేయా చూడ్డానికి టూర్ కట్టకండి

హవాయిలో కిలావేయా అగ్నిపర్వతం చూడ్డానికి కోనా ఊరి నుంచి వ్యాన్ టూర్‌కి మనిషికి 229 డాలర్లు, నలుగురికి 916. "ఈ రాత్రి లావా ఖాయం" అని మెసేజ్ పెట్టి మరీ కట్టించుకున్నారు. రెండు గంటలకు పైగా కూర్చుని వెళ్తే క్రేటర్‌లో, అంటే అగ్నిపర్వతం నోటి గుంటలో, పొగ తప్ప ఏమీ లేదు. రీఫండ్ అడిగితే "ప్రకృతి మా చేతుల్లో ఉంటుందా?" అన్నాడు గైడ్. తిరిగొచ్చేటప్పుడు నాన్న నోరు విప్పలేదు. అమ్మ చలికి కొంగు తలకి చుట్టుకుని కూర్చుంది.

లావా కనబడలేదని కాదు నా కోపం. కనబడదని వాళ్లకి తెలిసే అవకాశం ఉంది. 2024 డిసెంబర్ 23న మొదలైన ఈ విస్ఫోటనం ఆగి ఆగి వస్తోంది. లావా ఎగజిమ్ముతున్నంతసేపూ భూమి లోపల ఎడతెగని వణుకు ఉంటుంది, దాన్ని ట్రెమర్ అంటారు. లావా ఆగగానే అదీ ఠక్కున పడిపోతుంది. మళ్లీ లోపల మాగ్మా, అంటే కరిగిన రాయి, చేరేకొద్దీ శిఖరం మెల్లగా ఉబ్బుతుంది. హవాయి అగ్నిపర్వత పరిశోధన కేంద్రం ఇదంతా రోజూ నెట్‌లో ఉచితంగా పెడుతుంది. ఆ పొద్దున రిపోర్టులో 'విరామం' అనే ఉంది.

మర్నాడు పార్కుకి దగ్గరగా ఉండే హిలో ఊరికి మారి అద్దె కారులో వెళ్లాం, ముప్పావుగంట. కిలావేయా ఉన్న నేషనల్ పార్కు టికెట్ కారు మొత్తానికి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది.

పార్కులోని వాల్డ్రన్ లెడ్జ్ దగ్గర నాన్న మళ్లీ మామూలు మనిషయ్యారు. 1983 భూకంపానికి దెబ్బతిన్న పాత రోడ్డది. తారు పగిలి, ఆ సందుల్లోంచి మొక్కలు లేచాయి. నాన్న వంగి పగులులో చెయ్యి పెట్టి చూశారు. అక్కడి రేంజర్ 2018 సంగతి చెప్పింది. ఆ ఏడాది మాగ్మా తూర్పు వైపు పారిపోవడంతో శిఖరం కింద ఆధారం పోయింది. చిన్న చిన్న భూకంపాలు గంటగంటకీ పెరిగేవి, చివరికి 5కి పైగా తీవ్రతతో క్రేటర్ అడుగు ధభాలున కుంగేది. వెంటనే నిశ్శబ్దం, కొన్ని గంటల తర్వాత మళ్లీ మొదలు. ఇలా ఆగస్టు మొదటి వారం లోపల 62 సార్లు! నాన్న ఆవిడ చేత రెండోసారి చెప్పించుకున్నారు.

వెళ్లేవాళ్లు ఆ రోజు రిపోర్టు చూసుకుని బయల్దేరండి. విరామం అని ఉన్నా వెళ్లండి, పగలు చూడాల్సింది చాలా ఉంది. స్వెటర్ తప్పనిసరి, అక్కడ ఎత్తు 1,200 మీటర్లు. టూర్ వాళ్ల మెసేజ్ జతచేసి కార్డు కంపెనీకి కంప్లైంట్ పెట్టాను, జవాబు రావాలి.