పక్కన ముడి ఉంటే చాలు: కడుపుతో ఉన్నప్పుడు కుట్టుకున్న అంగరఖా కుర్తీలు

కడుపుతో ఉన్నప్పుడు వేసుకోవడానికి ఇంట్లో కుట్టుకున్న బట్టల్లో నేను మనసారా మెచ్చుకునేది అంగరఖా కుర్తీనే, అంటే ముందు రెండు పలకలు ఒకదాని మీద ఒకటి వచ్చేది. అందులోనూ పక్కన కట్టుకునే ముడిని. నాలుగో నెలలో మొదలుపెట్టాను, పాపకు ఏడాది దాటినా ఇంకా వేసుకుంటున్నాను కాబట్టి ఈ మాట ధీమాగా చెప్పగలను. నైటీలు, ఎలాస్టిక్ ప్యాంట్లు కూడా కుట్టుకున్నాం. వాటితో పని జరిగింది, అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు.

కడుపుతో ఉన్నప్పుడు ఒంటి కొలత పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. స్కూలుకు వెళ్లేటప్పుడు హాయిగా ఉన్న కుర్తీ మధ్యాహ్నం అన్నం తిన్నాక పక్కటెముకల కింద పట్టేస్తుంది. అంగరఖా అయితే స్టాఫ్ రూమ్‌లో కూర్చునే, ఎవరికీ తెలియకుండా ముడి కాస్త వదులు చేసుకోవచ్చు. ఎలాస్టిక్‌కి ఆ సుఖం లేదు. అది సాగుతుంది కానీ పట్టు వదలదు. సాయంత్రానికి నడుం చుట్టూ ఎర్రటి గీత, దాని వెంట దురద.

కొలతల విషయానికొస్తే, ముడి ఛాతీ కింద, పొట్ట మొదలయ్యే చోటుకి పైన రావాలి. అక్కడి నుంచి కిందికి కుచ్చులు. ముందు భాగంలోని రెండు పలకలూ ఒకదాని మీద ఒకటి 12 అంగుళాలు వచ్చేలా అమ్మ కత్తిరించింది. తొమ్మిదో నెలకి అందులో సగమే మిగిలింది, అయినా సరిపోయింది. 44 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న గుడ్డ 3.5 మీటర్లు పట్టింది కాబట్టి డబ్బు మిగిలిందని మాత్రం చెప్పను. ఇంకొక సంగతి: పొట్ట పెరిగేకొద్దీ కుర్తీ ముందువైపు పైకి లేచిపోతుంది. అందుకని ముందు పలకల్ని వెనక భాగం కంటే 2 అంగుళాలు పొడవు పెట్టి, ఆ ఎక్కువ గుడ్డని అడుగు మడతలో దాచాం. ఏడో నెలలో ఆ మడత విప్పితే అంచు మళ్లీ చుట్టూ సమానంగా వచ్చింది.

పై పలక ముడి కుడివైపే రావాలని పట్టుబట్టింది కూడా అమ్మే. ఎడమవైపు తిరిగి పడుకోమని డాక్టర్లు చెబుతారు కదా, ముడి అటే ఉంటే పడుకున్నంతసేపూ పక్కలో గుచ్చుకుంటుంది. లోపలి పలక ఎలాగూ ఎడమవైపుకే వస్తుంది కాబట్టి అక్కడ బొందుకి బదులు చదునైన గుండీ, దానికి వరుసగా మూడు కాజాలు పెట్టాం. పొట్ట పెరిగేకొద్దీ గుండీని ఒక కాజా నుంచి పక్క కాజాకి మార్చుకుంటూ వచ్చాను.

ఇప్పుడు నన్ను బాగా ఇబ్బంది పెట్టిన సంగతి. అప్పటికి మల్ కాటన్ (పల్చటి మెత్తటి నూలు) కుర్తీని చాలాసార్లు ఉతికేశాను. ఒకరోజు రెండో తరగతిలో ముందు బెంచీ పిల్లాడి నోట్‌బుక్ చూడటానికి వంగేసరికి, మెడ దగ్గర పై పలక విడిపోయి ముందుకు వేలాడింది. గభాలున చున్నీ లాక్కుని నిలబడ్డాను. ఆ రోజంతా వంగకుండా, కుర్చీలోంచి లేవకుండా పాఠం చెప్పాను. కొత్తలో ఒంటికి అతుక్కున్నట్టు ఉన్న మెడ ఇది. ముడి బిగించి చూశాను, లాభం లేదు. బిగించినకొద్దీ ఛాతీ కింద పట్టేస్తోంది, పైన మాత్రం గుడ్డ ఉబ్బుగానే ఉంది. సాయంత్రం కాగితం ప్యాటర్న్ తెచ్చి మెడ అంచు మీద పెట్టి కొలిచాను. గుడ్డ అంచు కాగితం కంటే ఒకటిన్నర అంగుళం ఎక్కువ ఉంది!

మా వీధిలో టైలరింగ్ చేసే అక్క దాన్ని చేతిలోకి తీసుకుని, అంచుని రెండు వేళ్లతో ఇలా లాగి అలా వదిలి, వెంటనే చెప్పేసింది. "టీచరమ్మా, ఇది ఐమూల పోగమ్మా. ఉతికి తీగ మీద వేసినప్పుడల్లా సాగుద్ది. నిలువు పోగు పట్టీ పడితేగానీ ఆగదు."

అంగరఖా మెడ భుజం నుంచి పక్కకి ఏటవాలుగా దిగుతుంది. అంటే ఆ అంచంతా ఐమూలగా తెగిన గుడ్డే. పడుగు (నిలువు పోగు), పేక (అడ్డ పోగు) రెండూ అక్కడ వాలుగా ఉంటాయి కాబట్టి బరువు పడినప్పుడల్లా సాగుతుంది, తడిసి ఉన్నప్పుడు మరీను. మామూలు గుండ్రటి మెడకి వేసినట్టే దీనికీ క్రాస్ పీస్ వేసి మడిచాం. క్రాస్ పీస్ కూడా ఐమూల గుడ్డే కదా, అంచుతోపాటు అదీ సాగింది. వీడియోల్లో కుట్టు ఎంత నీటుగా వచ్చిందో చూపిస్తారు. ఇరవై ఉతుకుల తర్వాత ఆ మెడ ఎలా ఉంటుందో ఎవరూ చూపించరు.

తర్వాతి కుర్తీ మంగళగిరి కాటన్‌తో కుట్టుకున్నాను. ఆ గుడ్డకి పక్కన వచ్చే నిజాం అంచుని అంగుళం వెడల్పున పొడవునా కత్తిరించి, మెడ వెంట లోపలివైపు పట్టీగా వేశాం. పడుగు పోగు నిలువునా ఉండే పట్టీ, పైగా చేతితో లాగినా కదలని గట్టి నేత. కుట్టేటప్పుడు మెడ గుడ్డని కొంచెం కూడా లాగకుండా బల్ల మీద పరిచి, ముందు కచ్చాకుట్టు వేసుకుని, ఆ తర్వాతే మిషన్ మీద కుట్టాలి. అలా వేసిన పట్టీ ఈ రోజు వరకు సాగలేదు. మల్ కుర్తీ మెడ విప్పి దానికీ ఇదే పట్టీ వేశాను. ఒంటికి వచ్చింది కానీ మొదటి అందం రాలేదు.

కాన్పు తర్వాత ఈ కుర్తీ ఇంత ఉపయోగపడుతుందని మాత్రం నేను అనుకోలేదు. నాకు ఆపరేషన్ అయింది. పొట్ట కింద ఆనే ఎలాస్టిక్ ప్యాంటుతో కాన్పు దాకా ఎలాగో నెట్టుకొచ్చాను. సరిగ్గా కుట్ల మీదే ఆ పట్టీ వచ్చేసరికి దాన్ని తీసి పక్కన పడేశాను. వార్డులో అంగరఖాయే దిక్కయింది. నర్సు కుట్లు చూడటానికి వస్తే కుర్తీ పైకి ఎత్తే పని లేదు, నేను లేచి కూర్చునే పనీ లేదు, పలక పక్కకి తీస్తే చాలు. పాలిచ్చేటప్పుడూ అంతే. కొన్న నైటీల్లో జిప్ అంచు పాప బుగ్గకి ఒరుసుకుని ఎర్రగా కందిపోయేది. ఇందులో పాప ముఖానికి తగిలేది మెత్తటి నూలు ఒక్కటే.

ముడిని ఇంతగా మెచ్చుకున్నాను కానీ, అది నూలు బొందుతోనే నిలుస్తుంది. రేయాన్‌తో కుట్టిన కుర్తీకి బొందులు కూడా అదే గుడ్డతో వేస్తే జారిపోతూనే ఉన్నాయి. గాలికి కింది పలక విడిపోతుంది, మోకాలి దగ్గర టిచ్ బటన్ తప్పదు. స్కూటీ మీద వెళ్లే రోజుల్లో నేను వేసుకునేదాన్నే కాదు. ఏడో నెలలో విప్పిన మడతని కాన్పయ్యాక మళ్లీ వేశాం, పాత గీత మాత్రం పోలేదు. వానాకాలంలో కుచ్చులు త్వరగా ఆరవు.

నాకు ఇంట్లో మోటారు మిషన్ ఉంది, కత్తిరించడానికి అమ్మ ఉంది, స్కూల్లో కుర్తీ వేసుకోనిస్తారు. చీరే కట్టుకోవాలనే చోట పనిచేసేవాళ్లకు నేను చెప్పినదాంట్లో సగం ఉపయోగం కాన్పు తర్వాతే. కుట్టుకునేవాళ్లు ఆరో నెలలోపు పూర్తి చేసుకోవడం మంచిది. ఆ తర్వాత మిషన్ ముందు వంగి కూర్చుంటే నడుం ఒప్పుకోలేదు, నా చివరి కుర్తీకి గుండీలూ కాజాలూ అమ్మే కుట్టింది. కవలలు ఉన్నవాళ్లకు 12 అంగుళాలు చాలుతుందని నేను చెప్పలేను, ఇంకాస్త ఎక్కువే పెట్టుకోండి.