చీమల సుద్దా, బోరిక్ ఎరా? వంటింటి లెక్క వేరు, కుండీ లెక్క వేరు

ఏటా ఎండలు ముదిరేసరికి మా వంటింట్లో సింకు వెనక టైల్స్ సందులోంచి సన్నచీమలు వరస కడతాయి. చక్కెర డబ్బా మూత ఎంత బిగించినా అవి ఆగవు, ఎందుకంటే ఎండాకాలంలో వాటికి తీపి ఎంత అవసరమో సింకు దగ్గరి తడి కూడా అంతే అవసరం. సరిగ్గా అప్పుడే బాల్కనీలో మందారం కొమ్మల నిండా కూడా చీమలే. రెండూ ఒకటే గొడవ అనుకుని రెండు చోట్లా ఒకటే మందు వాడి, రెండు చోట్లా దెబ్బతిన్నాను. అందుకే ఇక్కడ విడివిడిగా రాస్తున్నాను.

ముందు వంటిల్లు. అందరిళ్లలోనూ ఉండేది చీమల సుద్ద. గీత గీస్తే కాసేపట్లో చీమలు గుట్టగా చచ్చి పడుంటాయి, చూస్తే భలే తృప్తి. అందులో ఉండేది డెల్టామెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ రకం పురుగుమందు, అది తగిలిన చీమ నరాలు దెబ్బతిని పడిపోతుంది. కానీ మనకి కనపడే చీమలు తిండి కోసం బయటికొచ్చిన కూలీలు మాత్రమే, రాణి లోపల హాయిగా గుడ్లు పెడుతూనే ఉంటుంది కాబట్టి వారంలో మళ్లీ అదే వరస. పైగా కొన్ని సన్నచీమల్లో ఒక్క పుట్టకే బోలెడు రాణులుంటాయి, ఇలాంటి మందు తగిలితే ఆ పుట్ట ముక్కలై తలో సందులోకీ కాపురం మారుస్తుంది. మా ఇంట్లో సింకు దగ్గర తగ్గాయి అనుకునేలోపు దేవుడి గూట్లో మొదలయ్యాయి. పాకే పిల్లలున్నా, గీత మీద నడిచి కాళ్లు నాక్కునే పిల్లి ఉన్నా సుద్ద జోలికి అసలు పోవద్దు. గిన్నెలు పెట్టే గట్టు మీద కూడా వద్దు. ఇంత చెప్పాక కూడా సుద్దకి ఒక మంచి గుణం ఉంది, రేపు పొద్దున చుట్టాలొస్తున్నారు, ఈ రాత్రికి చీమలు పోవాలి అంటే తలుపు గడప బయట ఒక గీత గీసుకోవచ్చు.

రెండోది బోరిక్ పౌడర్ ఎర. క్యారమ్స్ బోర్డు మీద చల్లుతారే, ఆ పౌడరే, మెడికల్ షాపులో అడిగితే ఇస్తారు. ఒక కప్పు గోరువెచ్చని నీళ్లలో ఎనిమిది టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ మాత్రమే బోరిక్ పౌడర్ వేసి కరిగించి, దూది ఉండలు అందులో ముంచి చీమల దారి పక్కన సీసా మూతల్లో పెట్టాలి. అంటే బోరిక్ దాదాపు 1 శాతం లోపే ఉండాలి. నేను మొదటిసారి ‘ఎక్కువేస్తే తొందరగా చస్తాయి’ అని నాలుగు స్పూన్లు వేశాను, చీమలు దాని దగ్గరికొచ్చి వాసన చూసి పక్కనుంచి పోయాయి. తిన్న ఒకటీ అరా కూడా దారిలోనే చస్తాయి, పుట్ట దాకా మోసుకెళ్లేదెవరు మరి? పల్చగా ఉంటేనే చీమ అది తాగి, ఇంటికెళ్లి, నోటితో మిగతా చీమలకీ పిల్లలకీ రాణికీ పంచుతుంది.

ఇందులో అసలు టెన్షన్ మొదటి రెండు రోజులు. చీమలు తగ్గకపోగా రెండింతలవుతాయి. మా అత్తయ్య చూసి, “ఏంటమ్మా, చీమలకి పాయసం పోస్తున్నావా?” అని తడిగుడ్డతో మొత్తం తుడిచేశారు, నా మూడు రోజుల కష్టం పోయింది. తుడవకూడదు, తరమకూడదు, దూది ఆరిపోతే మార్చాలి, అంతే. వారం పది రోజుల్లో వరస పల్చబడుతుంది. తీపి ముట్టకపోతే నూనె సరుకు మీద మనసున్న రకమన్నమాట, పల్లీల ముద్దలో చిటికెడు కలిపి పెట్టండి. ఇది కూడా విషమే, పిల్లలకి అందని చోట పెట్టి, గిన్నె మీద పేరు రాయండి.

పసుపు, నిమ్మతొక్క, వెనిగర్ చిట్కాలు కూడా చూశాను. పసుపు చల్లితే చీమ చుట్టూ తిరిగి వెళ్తుంది. వెనిగర్ పని చేసేది చీమలు వేసుకున్న వాసన దారిని చెరిపేయడం వరకే, ఆ పని గిన్నెల సబ్బు నీళ్లు కూడా చేస్తాయి, వంటిల్లు పచ్చడి జాడీలా కంపు కొట్టకుండా.

నన్నడిగితే వంటింట్లో ఎరే మేలు. పదిరోజులు ఓపిక లేకపోతే సబ్బు నీళ్లు.

ఇప్పుడు కుండీలకి వస్తే ఈ తీర్పు తిరగబడుతుంది. ఎర మిగిలిందని కుండీ మట్టిలో పోశారనుకోండి, బోరిక్ పౌడర్‌లో ఉండే బోరాన్ ఎక్కువై ఆకుల అంచులు మాడతాయి. నా పుదీనా అలాగే పోయింది. మరుగుతున్న నీళ్లు పోయమని చెప్పేవాళ్లున్నారు, చీమలతోపాటు వేళ్లు కూడా ఉడుకుతాయి. సుద్దపొడి చల్లడమంటే తినే కొత్తిమీర మీద పురుగుమందు చల్లడమే.

కుండీలో చీమలు కనిపించగానే ముందు చేయాల్సింది ఆకుల అడుగు, కొమ్మ కణుపులు చూడటం. తెల్లటి దూదిలా అంటుకుని ఉంటే పిండినల్లి, చిగుళ్ల మీద గుంపుగా మెత్తటి పురుగులుంటే పేనుబంక. అవి చెట్టు రసం పీల్చి తీపి జిగురు వదులుతాయి, చీమలు ఆ జిగురు కోసం వచ్చి, బదులుగా వాటిని తినే అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. మనం ఆవుల్ని మేపుకున్నట్టే. ఆ జిగురు మీదే తర్వాత నల్లటి మసి తెగులు పడుతుంది. కాబట్టి చీమల్ని వదిలి పిండినల్లిని పట్టుకోవాలి. ముందు పైపు నీళ్లు ధారగా కొట్టి కడిగేయండి, తర్వాత లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల గిన్నెల సబ్బు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా కొట్టండి, వారానికోసారి చొప్పున మూడుసార్లు. ఎండలో కొడితే ఆకులు మాడతాయి.

పురుగు లేకుండా మట్టిలోనే పుట్ట పెట్టాయంటే కుండీ ఎండిపోతోందని అర్థం. చిన్న కుండీ అయితే బకెట్ నీళ్లలో అరగంట ముంచితే గుడ్లు నోట పట్టుకుని బయటికొచ్చేస్తాయి, అందుకే ఈ పని బాల్కనీలో కాదు, ఇంటి బయట చేయండి. పెద్ద కుండీని ఎత్తలేం కదా, దానికి రోజూ నిండుగా నీళ్లు, పైమట్టిలో గుప్పెడు వేపపిండి. కుండీ కింద పళ్లెంలో నీళ్లు పెట్టే పద్ధతి కూడా బాగుంటుంది గానీ, వారానికి రెండుసార్లైనా నీళ్లు మార్చకపోతే చీమల బదులు డెంగీ దోమల్ని పెంచినట్టే.

ఇక బీర తీగ, బొబ్బర్ల మీద చీమలు చూసి కంగారు పడేవాళ్లకి ఒక మాట. ఆ మొక్కలకి పువ్వు బయట కూడా తేనె ఊరే చుక్కలుంటాయి, చీమలు దాని కోసమే వస్తాయి, పిండినల్లి లేకపోతే వాటిని అలా వదిలేయండి. నా మందారానికి మొన్న మూడో విడత వేపనూనె పడింది, చీమలు ఇంకా నాలుగైదు తిరుగుతున్నాయి, అయినా కొత్త మొగ్గలు తెల్లబడకుండా వస్తున్నాయి కాబట్టి వాటిని ఏమీ అనట్లేదు.