మావయ్యగారు లేని కొల్లేరు: ఒక రిసార్టు మీద కోపం, ఒక మెస్సు మీద ప్రేమ

కొల్లేరు చూడ్డానికి వెళ్లేవాళ్లెవరూ ‘లేక్ వ్యూ’ అన్న మాట చూసి గది తీసుకోవద్దు. ఫోన్ చేసి, కిటికీ తెరిస్తే కనబడేది కొల్లేరా, చేపల చెరువా అని అడగండి. ఆ పూటే తీసిన వీడియో వాట్సాప్‌లో పంపమనండి. పంపకపోతే ఎంత తక్కువకి ఇస్తామన్నా వదిలేయండి. మా దగ్గర రెండు గదులకి, రెండు రాత్రులకి, గదికి రోజుకి 4,200 చొప్పున మొత్తం 16,800 ముందే కట్టించుకున్నారు. కింద గది ఇస్తామన్నారు, పొద్దున్నే పడవ మేమే ఏర్పాటు చేస్తామన్నారు, పక్షులు బాల్కనీ ముందే వాలతాయన్నారు. ఒక్కటీ నిజం కాదు.

ఎవరో సరదాగా వెళ్లినప్పుడు ఇలా జరిగితే నేనింత రాసేదాన్ని కాదేమో. మా మావయ్యగారు పోయి ఏడాదైంది. మార్గశిరంలో తణుకు దగ్గర మా అత్తగారింట్లో సంవత్సరీకం పెట్టాం. ఏడాదిపాటు గుళ్లు లేవు, ప్రయాణాలు లేవు, అత్తయ్య అయితే వీధి గుమ్మం దాటడమే తగ్గించేసింది. బంధువులంతా వెళ్లిపోయాక, “ఒక్కసారి కొల్లేరు తీసుకెళ్లండ్రా, మీ నాన్న చలికాలం వస్తే ఆగేవారు కాదు” అంది. అందుకని వెళ్లాం. అత్తయ్య, మా ఆయన, ఎనిమిదో తరగతి చదివే మా వాడు, నేను.

మావయ్యగారు పశ్చిమ డెల్టా కాలవల మీద లస్కరుగా పనిచేశారు. లాకుల దగ్గర తలుపులు ఎత్తడం, దించడం, రాత్రిపూట గట్టు వెంట టార్చిలైటుతో తిరగడం, ఏ బోదెలో, అంటే పొలాలకి పోయే పిల్లకాలవలో, ఎవరు దొంగ తూము పెట్టారో కనిపెట్టడం, ఇదీ ఆయన ఉద్యోగం. జీతం చిన్నది, మాటలు పడటం ఎక్కువ. పై ఊళ్ల రైతులు నీళ్లు ఆపమంటారు, కింది ఊళ్ల రైతులు వదలమంటారు. అన్నేళ్లు నీళ్ల దగ్గరే గడిపిన మనిషి రిటైరయ్యాకైనా ఇంటిపట్టున ఉంటారనుకున్నారట అందరూ. ఆయన మాత్రం “ఇన్నాళ్లూ నీళ్లకి కాపలా కాశాను, ఇప్పుడు తీరిగ్గా చూస్తాను” అని బయల్దేరేవారు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పెరిగినదాన్ని. నీళ్లంటే ట్యాంకరు, చెరువంటే హుస్సేన్‌సాగర్. పెళ్లయిన కొత్తలో, గోదావరికి వరదొచ్చిన రోజుల్లో, నన్ను ధవళేశ్వరం తీసుకెళ్లారు. బ్యారేజీ మీద నిలబడితే కాళ్ల కింద సన్నగా అదురుతూ ఉంటుంది, ఆ ఎర్రనీళ్ల హోరులో పక్కమనిషి మాట వినబడదు. కాటన్ దొర 1852కి ఇక్కడ ఆనకట్ట పూర్తి చేశాడనీ, మనం నిలబడ్డ బ్యారేజీ ఆ తర్వాతిదనీ, ఆయన లేకపోతే మన ఇంట్లో అన్నం లేదనీ నా చెవి దగ్గర అరిచి చెప్పారు. ఆ రోజే ఆయన అలవాటు మొదటిసారి చూశాను. ఎక్కడ నీళ్లు కనబడినా ముందు ఒక పుల్ల విరిచి, బురదకీ నీటికీ సరిగ్గా మధ్య గుచ్చేవారు. తర్వాత టీ తాగి, కాస్త తిరిగి, మళ్లీ వచ్చి వంగి చూసేవారు. “అరంగుళం తగ్గిందమ్మాయ్, ఎక్కడో తలుపెత్తారు.” ఏ చెరువైనా, ఏ కాలవైనా అంతే. పుల్ల సంగతి తేలాకే పక్షులు, చెట్లు, టిఫిను.

ఆయనతో వెళ్లిన చోట్లలో పాపికొండలు నాకు నచ్చింది, ఆయనకి నచ్చలేదు. కొండల మధ్య గోదావరి ఇరుకైపోయే చోట పడవలో పెద్ద సౌండుతో పాటలు పెట్టారు, డాన్సులు చేయించారు. ఆయన వెనక్కి వెళ్లి, ఇంజను పక్కన కూర్చుని, పేరంటపల్లి వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. వరద నీటిలో పడవ కదలకూడదని లస్కరుకి కూడా తెలుసే అని అదే మాట అంటూ ఉన్నారు. మీరు వెళ్తే లైఫ్ జాకెట్ తొడుక్కున్నాకే పడవ ఎక్కండి, తర్వాత ఇస్తామంటే దిగిపోండి. మారేడుమిల్లి బాగుంది, బొంగులో చికెన్ తిన్నాం, వచ్చేశాం.

నేలపట్టు మాత్రం ఇద్దరికీ ప్రాణం. దొరవారిసత్రం దగ్గర, హైవేకి అంత దగ్గర్లో, నీళ్లలో నిలబడ్డ కడప అనే రకం చెట్ల నిండా గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు. వాచ్ టవరు మీద నుంచి ఆయన గంటలకొద్దీ చూశారు. అక్కణ్ణుంచి సూళ్లూరుపేట మీదుగా శ్రీహరికోట రోడ్డెక్కితే, అటకానితిప్ప దగ్గర పులికాట్ నీళ్లలో ఫ్లెమింగోలు. జనవరిలో ఫ్లెమింగో పండగ రోజుల్లో గదులు దొరకవు, దొరికినా రేట్లు మండిపోతాయి. పండగకి వారం ముందో వెనకో వెళ్లండి, పక్షులు అవే, జనం ఉండరు.

ఇక ఈసారి ప్రయాణం. తణుకు నుంచి రెండు రోజులకి కారు 6,500, డీజిలు, డ్రైవరు బత్తా కలిపి. భీమవరం, ఉండి, ఆకివీడు మీదుగా కైకలూరు. దారి పొడుగునా చేపల చెరువులు, రొయ్యల చెరువులు, మేతల లారీలు. హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చేవాళ్లకి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ కైకలూరులో ఆగుతుంది, దానికి మించిన సుఖం లేదు.

రిసార్టుకి చేరేసరికి సాయంత్రం ఐదు. గేటు బాగుంది, గేటు దగ్గర కొంగ బొమ్మ బాగుంది. కౌంటర్లో కుర్రాడు కింద గదులు ఖాళీ లేవు, పైన ఇస్తామన్నాడు. లిఫ్టు లేదు. అత్తయ్యకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయని బుక్ చేసేటప్పుడే చెప్పాం, చెప్పిన మెసేజ్ చూపించాం కూడా. “సార్ లేరు మేడం” అన్నాడు. ఆ తర్వాత మేమేం అడిగినా అదే జవాబు. అత్తయ్య కమ్మీ పట్టుకుని, మెట్టుకొకసారి ఆగి, ఒక్క మాట అనకుండా ఎక్కింది. కిటికీ తెరిస్తే చేపల చెరువు. అందులో నీటికి గాలి పట్టించే ఏరేటర్ల చప్పుడు, గట్టు మీద మేత బస్తాలు, దాని వాసన. “లేక్ ఎక్కడ?” అని అడిగితే ఆ చెరువే చూపించాడు. బాత్రూములో వేణ్ణీళ్లు రాలేదు, బకెట్‌తో తెప్పిస్తామన్నారు, రాత్రి తొమ్మిదింటికి ఒక్క బకెట్ వచ్చింది, నలుగురికీ అదే. ఎనిమిదింటికి కింద లాన్‌లో ఎవరిదో పుట్టినరోజు ఫంక్షను మొదలైంది. డీజే. అర్ధరాత్రి దాటి ఒంటిగంట దాకా గది తలుపులు అదిరాయి. మా ఆయన మామూలుగా గొంతు పెంచే మనిషి కాదు. ఆ రాత్రి కిందకి వెళ్లి అరిచిన అరుపులు నాకు పై అంతస్తులోకి వినిపించాయి. తిరిగొచ్చి మంచం అంచున కూర్చుని, “నాన్న ఉంటే గట్టు మీద దుప్పటి పరుచుకుని పడుకుందాం పదండి అనేవారు” అన్నాడు. కర్మకాండ జరిగిన రోజుల్లో కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు.

తెల్లారి ఐదింటికే సామాను సర్దేశాం. వాళ్లు చెప్పిన పడవ లేదు, గైడు లేడు. రెండో రాత్రి డబ్బు 8,400 వెనక్కివ్వమంటే కుదరదన్నారు, గంటసేపు వాదించాక 3,000 ఫోన్‌పే చేశారు. మిగతా 5,400 పోయినట్టే. ఆ డబ్బు కంటే అత్తయ్యని ఆ మెట్లెక్కించినందుకే నాకు వాళ్ల మీద కోపం తగ్గడం లేదు. కైకలూరు ఊళ్లోనే ఒక మామూలు లాడ్జిలో, కింది అంతస్తులోనే గదులు, ఒక్కోటి 1,100కి దొరికాయి. ఉతికిన దుప్పట్లు, వేణ్ణీళ్లు, రాత్రి పదింటికి నిశ్శబ్దం. ఇంతకంటే ఏం కావాలి? పక్షుల్ని చూడ్డానికి వెళ్లే ఊళ్లో లాడ్జి చాలు, రిసార్టు అక్కర్లేదు.

కొల్లేటి పక్షుల్ని పడవెక్కి చూసే చోటు ఆటపాక, అక్కణ్ణుంచి రెండు కిలోమీటర్లు. ఫారెస్టు వాళ్ల టికెట్లు పెద్ద ఖర్చేం కాదు. ఎండెక్కకముందే వెళ్లండి, తొమ్మిది దాటాక నీటి మీద వెలుగు కళ్లలో కొడుతుంది. మాకు దొరికిన పడవాయన పెద్దాయన. కాస్త దూరం వెళ్లాక ఇంజను ఆపేసి, గెడ వేసి నెట్టడం మొదలుపెట్టాడు. మేము అడగలేదు. “ఈళ్లు పిల్లల తల్లులండీ, బెదిరిపోతారు” అన్నాడు పక్షుల గురించి. అత్తయ్య ముఖంలో ఆ ప్రయాణంలో మొదటిసారి నవ్వు చూశాను.

ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెట్టేది ఎక్కువగా చెట్ల మీద కాదు. చెట్లు పోయాయి, వాటి బదులు నీళ్లలో ఇనప స్టాండ్లు పాతారు, అంతస్తులంతస్తులుగా మంచెలు. ఒక్కో మంచె మీద పుల్లల గూళ్లు, వాటిలో తల్లులు, పిల్లలు. ఒక పిల్ల, సగం పెరిగినది, ఒంటి మీద ఇంకా తెల్ల నూగు, రెక్కలు టపటపా కొట్టుకుంటూ తల్లి ముక్కు పొడుస్తోంది. తల్లి నోరు తెరిచింది. పిల్ల తల మొత్తం, మెడ దాకా, ఆ గొంతు సంచిలోకి దూర్చేసింది. లోపల దాని తల కదులుతుంటే తల్లి సంచి చర్మం పైకి ఉబ్బుతోంది, తల్లి కళ్లు మూసుకుని, కాళ్లు తన్నిపెట్టి నిలబడింది. నిమిషం పైనే పట్టింది. పిల్ల తల బయటికి తీసేసరికి ముక్కు నుంచి చేప తోక వేలాడుతోంది. ఫోన్ వదలని మా వాడు ఫోన్ జేబులో పెట్టేసి, “తాతయ్య దీన్నే చూడ్డానికి వచ్చేవాడా?” అన్నాడు. అత్తయ్య, “దీన్ని చూసి ఇంటికొచ్చి నాకు చేసి చూపించేవారు” అంది, మావయ్యగారిలా నోరు తెరిచి చూపించింది కూడా. పడవాయనతో సహా అందరం నవ్వాం.

ఇంకా నీటికాకులు, నత్తగుల్ల కొంగలు, గుర్రపుడెక్క మీద పరిగెత్తే బొల్లికోళ్లు ఉన్నాయి. వాటి పేర్లన్నీ నాకు మావయ్యగారు చెప్పినవే. కొల్లేరు అంటే చూడ్డానికి ఒక గుంట కాదు, దారి అనేవారు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన వరదంతా ఇక్కడ కాసేపు నిలబడి, ఉప్పుటేరు పట్టుకుని సముద్రంలోకి వెళ్లాలి. మధ్యలో గట్లు కడితే నీళ్లు ఎటు పోతాయి? ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నది 1999లో, ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలోకి వెళ్లింది 2002లో, కొల్లేటి లోపల తవ్విన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసింది 2006లో. ఈ తేదీలు ఆయనకి మనవళ్ల పుట్టినరోజుల కంటే బాగా గుర్తు. చెరువులు పోయినవాళ్ల బాధ కూడా చెప్పేవారు, చెరువు మీద అప్పు తెచ్చిన చిన్నరైతుని ఆయన తప్పుపట్టగా నేను వినలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు, టీవీ ముందు కూర్చుని, ఆ నీళ్లు కొల్లేటికి ఎన్నాళ్లకి చేరతాయో, కింద గుర్రపుడెక్క ఎక్కడెక్కడ అడ్డం పడుతుందో లెక్క వేస్తూ కూర్చున్నారు. అప్పటికే ఆయాసం మొదలైంది, మాట పూర్తయ్యేలోపు రెండుసార్లు ఆగేవారు.

మధ్యాహ్నం భోజనం ఈ ప్రయాణం మొత్తానికి పెద్ద సంతోషం. ఆకివీడు వెళ్లే రోడ్డులో ఒక మెస్సు, బోర్డు కూడా సరిగ్గా కనబడదు. భోజనం 130, పులుసు ప్లేటు 120. నలుగురికి నాలుగు భోజనాలు, మూడు ప్లేట్ల జెల్లల పులుసు, మొత్తం 880. పులుసు చిక్కగా, నల్లగా, నూనె పైకి తేలి, పొద్దున వండి పెట్టినదని నాలిక మీద పెట్టగానే తెలిసింది. చేపల పులుసు పూటైనా ఊరాలి. వండిన ఆవిడ వడ్డించడానికి తనే వచ్చింది. అత్తయ్య తిండి మానేసి కళ్లు తుడుచుకుంటుంటే కారం ఎక్కువైందేమోనని కంగారుపడింది. మా ఆయనకిష్టమమ్మా ఇది అని అత్తయ్య అంటే, ఆవిడ ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లి ఇంకో ముంత పులుసు తెచ్చి ఆకులో పోసింది. దానికి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, గట్టిగా ఇస్తే కోప్పడింది.

సాయంత్రం కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి వెళ్లాం. ఫాల్గుణంలో జాతర, అప్పుడైతే కాలు పెట్టే సందుండదు. మేము వెళ్లినప్పుడు పదిమంది కూడా లేరు, దర్శనం ఐదు నిమిషాలు. గుడి బయట నీళ్ల దగ్గర మా ఆయన ఒక పుల్ల గుచ్చాడు. టీ తాగి వచ్చి చూస్తే కదలిక లేదు. “తగ్గలేదు, పెరగలేదు” అని అత్తయ్యకి చెప్పాడు, అచ్చం ఆఫీసుకి రిపోర్టు ఇచ్చినట్టు.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి: ఆటపాకలో పడవ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒకరు చెయ్యి పట్టుకోవాలి, చెక్క కదులుతుంది. టోపీ, నీళ్లు మర్చిపోవద్దు. మాకు కారు, తిండి, లాడ్జి, పోయిన డబ్బు అన్నీ కలిపి 25,000 దగ్గరకి వచ్చింది. ఆ రిసార్టు లేకపోతే 13,000 దగ్గర హాయిగా అయిపోయేది. కారులో వెనక్కి వస్తూ అత్తయ్య తరవాత గుంటూరు దగ్గర ఉప్పలపాడు అంది. ఊరి చెరువులోనే పక్షులు, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు, గది అక్కర్లేదు. సంక్రాంతి సెలవులకి టికెట్లు తీశాం.