పడింది కదా అని డబ్బంతా ఒకేసారి పెట్టేయకండి: టెక్ షేర్లతో నాకు తగిలిన దెబ్బ

పడుతున్న టెక్ షేర్లు కొందామని డబ్బు సిద్ధం చేసుకున్నవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి.

నేను కొన్నది ఒక సాఫ్ట్‌వేర్ షేరు. లెక్క తేలిగ్గా ఉండటానికి దాని గరిష్ఠ ధర 100 అనుకోండి. 70కి దిగగానే చవగ్గా దొరుకుతోందని కొన్నాను. వారం తిరక్కుండానే 60కి వచ్చింది, మళ్లీ అన్నే కొన్నాను. 50 దగ్గర మూడోసారి. కొన్న ప్రతిసారీ యాప్‌లో నా సగటు ధర 70, 65, 60 అని దిగుతుంటే ఏదో తెలివైన పని చేస్తున్నట్టే అనిపించింది. ఆ అంకె చూసి ధైర్యం తెచ్చుకున్నానే గానీ, నా మొత్తం పెట్టుబడిలో ఆ ఒక్క షేరు వాటా ఎంత పెరిగిపోయిందో చూసుకోలేదు. మూడు వారాల్లో చేతిలో డబ్బు ఖాళీ.

అప్పుడొచ్చాయి త్రైమాసిక ఫలితాలు. లాభం బాగానే ఉంది. కానీ రాబోయే త్రైమాసికానికి ఇచ్చిన ఆదాయ అంచనాను కంపెనీ తగ్గించింది. మర్నాడు మార్కెట్ తెరుస్తూనే 38. ఇప్పుడు 32. నా సగటు ధర 60కి అది తిరిగి రావాలంటే దాదాపు 88 శాతం పెరగాలి. ఫలితాల తేదీ ముందే ప్రకటించి ఉంది. ఆ కొన్ని రోజులు ఆగి ఉంటే అదే డబ్బుకి ఒకటిన్నర రెట్లకు పైగా షేర్లు వచ్చేవి.

మంచి కంపెనీ అయితే పడినా లేస్తుంది అంటారు. ఎప్పుడు లేస్తుందన్నదే అసలు సంగతి. నెట్‌వర్క్ పరికరాలు చేసే అమెరికా కంపెనీ సిస్కో షేరు 2000 మార్చిలో 80 డాలర్ల దాకా వెళ్లింది. సగం ధరకే వస్తోందని 40 దగ్గర కొన్నవాళ్లు 2002 అక్టోబర్‌లో దాన్ని 10 డాలర్ల లోపు చూశారు. కంపెనీ మూతపడలేదు, తర్వాతి ఏళ్లలో లాభాలూ బాగా పెరిగాయి. అయినా పాత శిఖరాన్ని మళ్లీ దాటింది 2025 డిసెంబర్‌లోనే. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా సంగతి వేరు. 2022 ఫిబ్రవరిలో ఒక్క రోజులో 26 శాతం పడింది, నవంబర్‌కి ఆ ధరలో సగం కూడా లేదు, ఆ తర్వాత త్వరగానే కోలుకుంది. అక్కడ కూడా మొదటి రోజే మొత్తం పెట్టినవాళ్ల దగ్గర నవంబర్‌లో కొనడానికి డబ్బు మిగల్లేదు.

ఇప్పుడు నేను పెట్టదలచుకున్నదాన్ని నాలుగు భాగాలు చేస్తున్నాను. మొదటి భాగం కూడా ఫలితాలు వచ్చి, అంచనాలు చదివాకే. తర్వాతి భాగం ధర చూసి కాదు, తర్వాతి త్రైమాసికం చూసి. మధ్యలో షేరు పెరిగిపోతే పోనీ, దాని వెంట పరిగెత్తను.

అప్పు చేసి, మార్జిన్ మీద (అంటే బ్రోకర్ ఇచ్చే అప్పుతో) మాత్రం దయచేసి ఇలా పడేకొద్దీ కొని సగటు చేయకండి. మార్జిన్ మీద కొన్నాక ధర ఇంకాస్త దిగితే బ్రోకరే మీ షేర్లు అమ్మేయొచ్చు. అలా అమ్మేశాక ధర ఎంత లేచినా ఆ షేర్లు మీ ఖాతాలో ఉండవు.