వయసు కట్టడి మేలా, సరుకు కట్టడి మేలా?

యువతను నికోటిన్ నుంచి, జూదం నుంచి కాపాడటానికి అమెరికా రాష్ట్రాలు చేసిన చట్టాల్లో ప్రధానంగా రెండు మార్గాలు కనిపిస్తాయి. ఒకటి కొనేవారి వయసుకు హద్దు పెట్టడం, రెండోది అమ్మే సరుకుకే హద్దు పెట్టడం.

పొగాకు కొనే వయసును 21 ఏళ్లకు పెంచిన తొలి రాష్ట్రం హవాయి. 2016లో అక్కడ అమలైన ఈ నిబంధన 2019 డిసెంబరులో దేశమంతటికీ చట్టమైంది. పదిహేనేళ్ల పిల్లలకు వేప్‌లు (నికోటిన్ ఆవిరిని పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్లు) తరచుగా అందేది అదే బడిలో పై తరగతి చదివే పద్దెనిమిదేళ్ల స్నేహితుల చేతుల మీదుగానే కనుక, వయసు పెంచితే ఆ గొలుసు తెగుతుందన్న వాదన బలమైనదే. అయితే అదంతా గుర్తింపు కార్డు అడిగే దుకాణదారు చిత్తశుద్ధి మీద ఆధారపడి ఉంటుంది.

మసాచుసెట్స్ 2019 నవంబరులోనే మరో అడుగు వేసి, మెంథాల్‌తో సహా రుచులు కలిపిన పొగాకు, వేప్ ఉత్పత్తులను సాధారణ దుకాణాల్లో అమ్మకూడదని శాసించింది. కాలిఫోర్నియా 2020లో చేసిన ఇటువంటి చట్టాన్ని 2022 నవంబరులో ఓటర్లే ఆమోదించారు. పండ్ల రుచి, పుదీనా చల్లదనం నికోటిన్ ఘాటును కప్పిపుచ్చి తొలి పీల్పును సులువు చేస్తాయి కాబట్టి, దుకాణదారు ఏమరుపాటుగా ఉన్నా ఈ నిషేధం కొంత పని చేస్తుంది. పక్క రాష్ట్రానికి వెళ్లి కొనుక్కుంటారన్న అభ్యంతరం నిజమే కానీ, ఆ దారి కారున్న పెద్దలకు సులువైనంతగా పద్నాలుగేళ్ల పిల్లవాడికి సులువు కాదు.

జూదం విషయంలో వయసు హద్దు ఇంకా బలహీనం. 2018 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పుతో క్రీడా పందేలను అనుమతించే అధికారం రాష్ట్రాలకు దక్కింది. ఆ తరువాత పందెం చాలా రాష్ట్రాల్లో ఫోనులోకి వచ్చేసింది. ఎక్కువ రాష్ట్రాలు 21 ఏళ్ల నిబంధన పెట్టినా, అన్న ఖాతాలో తమ్ముడు పందెం కాస్తుంటే ముఖం చూసి ఆపే దుకాణదారు అక్కడ లేడు. పైగా ఇరవై రెండేళ్ల యువకుడికి ఆ నిబంధన ఏ రక్షణా ఇవ్వదు. మసాచుసెట్స్ 2022 నాటి చట్టం క్రెడిట్ కార్డుతో పందెం కాయడాన్ని నిషేధించింది. చేతిలో లేని డబ్బును ఆ కార్డు ద్వారా ఒడ్డే వీలు లేకపోవడం, వయసుతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తించే అడ్డుకట్ట.

అందువల్ల, 21 ఏళ్ల నిబంధన ఇప్పటికే ఉన్న చోట శాసనసభలు తమ శక్తిని సరుకు కట్టడి మీదే వెచ్చించడం మేలని నా దృఢాభిప్రాయం. ఏ మార్గం ఎంచుకున్నా జరిమానా అమ్మినవారికే పడాలి. పట్టుబడిన పిల్లవాడిని శిక్షిస్తే వాడు అలవాటు మానడు, దాచడం నేర్చుకుంటాడు.