విదేశీ ల్యాబుతో కలిసి ప్రాజెక్టు: విశాఖవాళ్లకు ఏ పథకం మేలు?

ఫ్రాన్స్‌లోనో జర్మనీలోనో ఉన్న ఒక ప్రొఫెసర్ "కలిసి పనిచేద్దామా?" అని మెయిల్ పెట్టాడనుకోండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో, ఇక్కడి జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రంలోనో కొత్తగా చేరినవాళ్లకు ఆ రోజంతా సంతోషం, మర్నాటి నుంచి టెన్షన్. డబ్బు ఎక్కడ అడగాలి? సర్కారు పథకాలు చాలానే ఉన్నాయి, పేర్లన్నీ ఒకేలా వినిపిస్తాయి. ఎవరైనా నన్నడిగితే నేను తిరిగి ఒకటే అడుగుతాను: ప్రాజెక్టు ముగిశాక విశాఖలో ఏం మిగలాలి? పరికరమా, పీహెచ్‌డీ చేసిన పిల్లలా, మీ బయోడేటాలో ఒక లైనా?

రెండు దేశాలవాళ్లు కలిసి నడిపే పథకాల్లో అందరికంటే ముందు చూడాల్సింది సెఫిప్రా. భారత్, ఫ్రాన్స్ కలిసి 1987లో పెట్టిన కేంద్రం ఇది. మన వైపు కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం, అదే డీఎస్టీ, అటు ఫ్రాన్స్ విదేశాంగ శాఖ డబ్బు పెడతాయి. పరిశోధన ప్రాజెక్టు సాధారణంగా మూడేళ్లు. జేఆర్‌ఎఫ్ (ప్రాజెక్టులో పనిచేసే జూనియర్ పరిశోధకురాలు లేదా పరిశోధకుడు) జీతం, రసాయనాలు, ప్రయాణాలు అన్నీ ఒకే గ్రాంటులో వస్తాయి. దీని అసలు సుఖం వేరే ఉంది. ఇద్దరూ కలిసి రాసిన ఒకే ప్రపోజల్‌ను ఒకే కేంద్రం పరిశీలిస్తుంది. కొన్ని ద్వైపాక్షిక పథకాల్లో అలా కుదరదు. మీరు ఢిల్లీకి పంపాలి, అవతలివాళ్లు వాళ్ల సంస్థకు పంపాలి. ఇక్కడ పాసై అక్కడ పోయినా మొత్తం పోయినట్టే.

డీఎస్టీ, జర్మనీ సంస్థ డాడ్ కలిసి ఇచ్చే మార్పిడి పథకం ఈ రెండో రకమే. పైగా ఇచ్చేది రాకపోకలకు, బసకు. రసాయనాల సీసా కొనాలన్నా వేరే ప్రాజెక్టు డబ్బు ఉండాలి. జపాన్ సంస్థ జేఎస్‌పీఎస్‌తో ఉన్న పథకమూ దాదాపు ఇంతే. అలాగని తీసిపారేయకండి. అవతలి ల్యాబును ఎన్నడూ చూడనివాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. మన పిల్ల ఒకతె నమూనాలో ఏ పదార్థం ఎంతుందో తేల్చే వాళ్ల మాస్ స్పెక్ట్రోమీటర్ దగ్గర నెల రోజులు కూర్చుని వస్తే చాలు. ఫిల్టర్ పేపరు మీద ఎంత నీరు వడకట్టాలి, దాన్ని ఎన్ని డిగ్రీల చలిలో దాచాలి అన్నవి ఇద్దరూ ఒకేలా చేస్తున్నారో లేదో అప్పుడే తేలుతుంది. ఆ తేడా తేలకుండా మూడేళ్ల ప్రాజెక్టు రాస్తే చివర్లో వాళ్ల అంకెలూ మన అంకెలూ పక్కపక్కన పెట్టలేం.

గురుగ్రామ్‌లోని ఇండో-జర్మన్ కేంద్రం 2010లో మొదలైంది. దాని పద్ధతి రెండు ప్లస్ రెండు: ప్రతి దేశం నుంచి ఒక పరిశోధనా సంస్థ, ఒక కంపెనీ. కాగితం మీద ఇది విశాఖకు అచ్చంగా సరిపోవాలి. పరవాడలో ఫార్మా సిటీ ఉంది, ఉక్కు ఉంది, ఓడరేవు ఉంది. కానీ కంపెనీ కూడా తన వాటా డబ్బు, తన మనుషులను పెట్టాలి. లెటర్‌హెడ్ మీద సంతకం చేసే కంపెనీ దొరకడం తేలిక, మూడేళ్లు వెంట ఉండేది దొరకడం కష్టం. వ్యర్థజలాల శుద్ధి, తుప్పు మీద పనిచేసేవాళ్లకు మాత్రం దీన్ని మించింది లేదు.

ఇక అందరి కళ్లూ యూరప్ మీదే. హొరైజన్ యూరప్ 2021 నుంచి 2027 వరకు నడిచే యూరోపియన్ యూనియన్ పరిశోధన పథకం, బడ్జెట్ సుమారు 95.5 బిలియన్ యూరోలు. ఆ అంకె చూసి ఆశపడేవాళ్లు ఒక మాట గమనించాలి. భారతీయ సంస్థ భాగస్వామిగా చేరవచ్చు కానీ డబ్బు దానంతటదే రాదు. ప్రపోజల్స్ కోరుతూ ఇచ్చే ప్రకటనలో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప సాధారణంగా మన ఖర్చు మనమే తెచ్చుకోవాలి. అదే గొడుగు కింద ఉన్న మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్ దారి వేరు. పీహెచ్‌డీ అయినవాళ్లు, ఆ తర్వాత పరిశోధనానుభవం ఎనిమిదేళ్లు దాటనివాళ్లు ఏ దేశంవాళ్లైనా పెట్టుకోవచ్చు. మనిషికి బంగారంలాంటి అవకాశం. ల్యాబుకు మాత్రం మంచి చేయి ఒకటి తగ్గుతుంది. వెళ్లినవాళ్లు తిరిగి రాకపోతే వాళ్లను తప్పుపట్టలేం.

బ్రిక్స్ పథకంలో కనీసం మూడు దేశాల భాగస్వాములు కావాలి. ఒకరితో వీడియో కాల్ టైము కుదుర్చుకోవడమే గగనం, మూడు దేశాలంటే ఆలోచించుకోండి. స్ట్రాస్‌బర్గ్‌లోని హ్యూమన్ ఫ్రాంటియర్ సైన్స్ ప్రోగ్రామ్ జీవశాస్త్రాలకే, అదీ మౌలిక పరిశోధనకే. తమాషా ఏమిటంటే అక్కడ పాత స్నేహం పనికిరాదు. ఇదివరకు కలిసి పనిచేయనివాళ్లు కొత్తగా జట్టు కట్టాలంటారు. పోటీ మహా గట్టిది.

నా తీర్పు అడిగితే ఇలా చెబుతాను. పరిచయం కొత్తదైతే డాడ్ లేదా జేఎస్‌పీఎస్, కలిసి ఒక పేపరైనా రాశాక సెఫిప్రా. తీరం కోత, ఉపరితల నీటి లవణీయత, చేపల నర్సరీలవంటి విషయాలకు ఇదే నయం, ఎందుకంటే జేఆర్‌ఎఫ్ ఇక్కడే ఉంటుంది, నమూనా ఇక్కడే తీస్తుంది. కంపెనీ నిజంగా చేతిలో ఉంటేనే ఇండో-జర్మన్ కేంద్రం. యూరప్ పెద్ద ప్రాజెక్టుల్లో పేరు కోసం చేరడం నాకు నచ్చదు. మనం నమూనాలు పంపేవాళ్లమవుతాం, పేపరులో చివరి పేర్లమవుతాం.

విదేశీయులతో విశాఖ సముద్రంలో పని కొత్తదేమీ కాదు. 1950ల్లోనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి ఇక్కడి సముద్ర పరిశోధనకు ఊపు తెచ్చారు. కానీ ఇది తూర్పు నౌకాదళం కేంద్రంగా ఉన్న ఊరు. విదేశీ భాగస్వామి పడవెక్కి నమూనా తీయాలంటే అనుమతులు కావాలి, నీళ్లూ బురదా బయటికి పంపాలన్నా కాగితాలు ఉంటాయి. గ్రాంటు మంజూరయ్యాక ఈ పని మొదలుపెడితే మొదటి ఏడాది అందులోనే పోతుంది. యూసీ, అంటే డబ్బు ఎలా ఖర్చుపెట్టామో చెప్పే ధ్రువపత్రం, పంపే వేళకు ఖర్చు కాని డబ్బు మిగిలి, రెండో విడత ఆగుతుంది. అందుకే ప్రపోజల్‌లో మొదటి ఆర్నెల్లకు ఇప్పటికే ఫ్రీజర్‌లో ఉన్న నమూనాల మీద పని రాసుకోండి. అనుమతి వచ్చేదాకా జేఆర్‌ఎఫ్ చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు.